టెక్ సందేహాలు: పాత మెర్సిడెస్‌లో మీటర్ల సెట్టు కదలకపోతే

ప్రశ్న: మా నాన్నగారి 1996 మెర్సిడెస్ ఈ220 (డబ్ల్యూ124)లో రాత్రిపూట మీటర్లు సగమే వెలుగుతున్నాయి. బల్బులు మారుద్దామంటే సెట్టు ఎంత లాగినా రావడం లేదు. ఎక్కడా స్క్రూలు కనపడవు. స్క్రూడ్రైవరుతో పైకి లేపొచ్చా?

జవాబు: వద్దు. స్క్రూలు కనపడకపోవడానికి కారణం అవి లేకపోవడమే. ఈ సెట్టు డ్యాష్‌బోర్డు గూట్లో బిగుతుగా ఇరుక్కుని నిలబడుతుంది, అంతే. ఏళ్ల తరబడి ఎండకు అంచులు అతుక్కుపోతాయి. స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే ముందు విరిగేది ఎండిపోయిన ప్లాస్టిక్ ఫ్రేమే.

మొదట బ్యాటరీ నెగటివ్ తీయండి. కంపెనీ రేడియో ఉంటే మళ్లీ పెట్టాక కోడ్ అడగొచ్చు, అది చేతిలో ఉందో లేదో ముందే చూసుకోండి. స్టీరింగు కింది ప్యానెల్ విప్పి, స్పీడోమీటర్ కేబుల్‌ను క్లిప్పుల నుంచి వదులు చేయండి. చాలామంది వదిలేసే పని ఇదే. కేబుల్ వెనక్కి లాగుతూ ఉంటే ముందు నుంచి ఎంత లాగినా సెట్టు రాదు.

రెండు మిల్లీమీటర్ల గట్టి తీగ ముక్కలు రెండు తీసుకుని, ఒక్కోదాని చివర ఆరు మిల్లీమీటర్ల మేర లంబకోణంలో వంచండి. బట్టల హ్యాంగరు తీగ సరిపోతుంది. కొక్కేన్ని పైకి ఉంచి, సెట్టుకూ డ్యాష్‌బోర్డుకూ మధ్య సందులో సగం ఎత్తు దగ్గర లోపలికి జారనిచ్చి, సెట్టు వైపుకి పావు తిప్పు తిప్పండి. పట్టు దొరికాక ఎడమ కాస్త, కుడి కాస్త లాగుతూ రండి. ఒకేవైపు గట్టిగా లాగితే అడ్డంగా ఇరుక్కుంటుంది. మొండికేస్తే కింది నుంచి చెయ్యి పెట్టి వెనకవైపు తోయమని పక్కన ఒకరిని అడగండి. కొక్కేలకన్నా ఇదే మేలనిపిస్తుంది, చెయ్యి పట్టేంత సన్నగా ఉండాలి మరి. మధ్యాహ్నం ఎండలో కారు వేడెక్కినప్పుడు చేస్తే అంచులు మెత్తబడి సులువవుతుంది. పెట్రోలియం ఉన్న తుప్పు స్ప్రేలు కొట్టకండి, రబ్బరు ఉబ్బుతుంది.

స్టీరింగు కవరు మీద గుడ్డ పరవండి. సెట్టు కొంచెం బయటికి వచ్చాక వెనక కేబుల్ నట్టు చేత్తో విప్పి, కనెక్టర్లు ఊడదీయండి. బల్బు హోల్డర్లు పావు తిప్పుతో వస్తాయి. పాత బల్బు మీద రాసిన వాటేజీనే కొనండి. బ్యాటరీ హెచ్చరిక లైటుకు మాత్రం ఎల్ఈడీ వేయొద్దు. ఆ బల్బు గుండా పోయే కరెంటుతోనే ఆల్టర్నేటర్ ఛార్జింగు మొదలుపెడుతుంది. అందుకే సెట్టు తీసేసి కారు నడిపితే బ్యాటరీ దిగిపోవచ్చు.

మీటర్లన్నీ సమానంగా మసకగా ఉంటే తప్పు బల్బులది కాదు, వెలుతురు తగ్గించే నాబ్‌ది. దాన్ని అటూ ఇటూ పది పన్నెండుసార్లు పూర్తిగా తిప్పి చూడండి. లోపలి మురికి తొలగి వెలుగు తిరిగి రావడం మామూలే. మీకు సగమే చీకటి కాబట్టి బల్బులే.

ఒకవేళ కారు ఇంకా పాతది, డబ్ల్యూ123 అయితే ఒక జాగ్రత్త ఎక్కువ. అందులో ఆయిల్ ప్రెషర్ మీటరుకు ఇంజను ఆయిలే సన్నటి గొట్టం ద్వారా వస్తుంది. లాగితే గొట్టం చిట్లి కార్పెట్ నిండా ఆయిలే. ఇంజను చల్లారాక, కింద గుడ్డ పెట్టి ఆ నట్టు మెల్లగా విప్పండి.

ప్రశ్న: సెట్టు తిరిగి పెట్టాక స్పీడు ముల్లు ఊగుతోంది. మీటరు పాడైందా?

జవాబు: మీటరు కాదు, కేబుల్ మెలిక పడి ఉంటుంది. మళ్లీ బయటికి తీసి, కేబుల్‌ను పెద్ద వంపులో, ఎక్కడా నొక్కుకోకుండా సర్దండి. కిలోమీటర్లు కదలక స్పీడు మాత్రం చూపిస్తుంటే ఓడోమీటర్ లోపలి చిన్న గేరు ఇరుసు మీద జారుతున్నట్టు. అది మీటరు రిపేరు చేసేవారి పని.