ఫ్లాస్ అంటే చాలు, పాప నోరు మూసేసుకుంటోంది

ఖమ్మం జిల్లా నుంచి ఒక తల్లి రాశారు: "మా పాపకి ఆరేళ్ళు. దవడ నొప్పి అని ఏడిస్తే డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్ళాం. పైకి బాగానే కనిపిస్తున్న రెండు దవడ పళ్ళ మధ్య పుచ్చు ఉందని ఎక్స్‌రేలో చూపించారు. ఫిల్లింగ్ చేసి, ఇకనుంచి రోజూ రాత్రి ఫ్లాస్ చేయించమన్నారు, అంటే పళ్ళ సందుల్ని సన్నటి దారంతో శుభ్రం చేయించమని. నేర్పించబోతే దారం విసిరేస్తుంది, నోరు తెరవదు. మావారు చేతులు గట్టిగా పట్టుకుంటే నేను చేస్తున్నాను. మొన్న కాస్త రక్తం వచ్చింది. మా అత్తయ్యగారు చూసి, 'ఊడిపోయే పళ్ళకోసం పసిదాన్ని ఇంత ఏడిపిస్తారా, మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా' అని కోప్పడ్డారు. రాత్రి భోజనాలు అయ్యాయంటే ఇంట్లో అందరికీ టెన్షనే. నేను చేస్తున్నది తప్పా?"

మీ ఉద్దేశంలో తప్పేమీ లేదమ్మా. చేసే పద్ధతి మాత్రం ఈ రాత్రి నుంచే మార్చండి. ముందు చేతులు పట్టుకోవడం ఆపేయండి. అమ్మా నాన్నా కలిసి కదలనివ్వకుండా నోట్లో ఏదో పెడుతుంటే ఏ పిల్లైనా భయపడుతుంది. ఆ భయం కాస్త తగ్గేదాకా, ఒక నాలుగైదు రోజులు ఫ్లాస్ ఊసెత్తకండి. బ్రష్ మాత్రం మాన్పించకండి. నిజానికి రాత్రి పడుకోబోయే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో బ్రష్ చేయడం అన్నిటికంటే ముఖ్యం. ఒక పూట ఫ్లాస్ తప్పితే కొంపలేమీ మునగవు. నల్గొండ నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి ఫ్లోరైడ్ పేరు వింటేనే బెరుకు ఉంటుంది. అక్కడ మోతాదు మించిన ఫ్లోరైడ్ తాగే నీళ్ళతో ఏళ్ళ తరబడి ఒంట్లోకి వెళ్ళింది. మీరు బఠానీ గింజంత పేస్టు పెట్టి, మింగకుండా ఉమ్మేయిస్తే భయం లేదు.

ఇంకో సంగతి. పాపకి ఫ్లాస్ నేర్పాలన్న ఆత్రం ఇప్పుడే వద్దు. వేళ్ళకి దారం చుట్టుకుని, అద్దంలో కూడా సరిగా కనపడని దవడ పళ్ళ సందులోకి పంపడం ఆరేళ్ళ పిల్లకి చేతకాని పని. సుమారు తొమ్మిది, పదేళ్ళు వచ్చేదాకా అది పెద్దవాళ్ళ చేత్తోనే జరగాలి. తను నోరు తెరిచి మిమ్మల్ని చేయనిస్తే ఇప్పటికి అదే పెద్ద పని. అందుకు మీమీద నమ్మకం కుదరాలి.

ఆ నాలుగైదు రోజులూ పాప ఎదురుగా మీరూ మీవారూ ఫ్లాస్ చేసుకోండి. 'నువ్వూ చేసుకో' అనకండి. దారం అడిగితే ఒక ముక్క ఇచ్చి ఆడుకోనివ్వండి. మీ ముందు పళ్ళ మధ్య తనచేత పెట్టించుకోండి. తర్వాత ఒక రాత్రి, 'ఇవాళ ఒక్క సందే, నువ్వు చెయ్యెత్తితే ఆపేస్తాను' అని చెప్పండి. చెయ్యెత్తితే మాత్రం నిజంగా ఆపేయాలి. 'అయిపోయింది, ఇంకొక్కటి' అని మాట తప్పితే మళ్ళీ మొదటికొస్తుంది. ఒక్క సందుకి అలవాటుపడ్డాక రెండోది, మూడోది. ముందు పళ్ళు ఎడంగా ఉంటే వాటికి బ్రష్ చాలు. ఒకదానికొకటి ఆనుకున్న దవడ పళ్ళ మధ్యకి బ్రష్ కుచ్చు వెళ్ళదు, పుచ్చు అక్కడే మొదలవుతుంది.

సింకు ముందు నిలబెట్టి చేయకండి, మీకేమీ కనిపించదు. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల మీ ఒళ్ళోకి తీసుకోండి. పైనుంచి నోరంతా కనిపిస్తుంది, తనకీ మీ మొహం కనిపిస్తుంది. మూరెడు దారం తీసుకుని రెండు చేతుల మధ్యవేళ్ళకి చుట్టి, మధ్యలో అంగుళం మాత్రమే బిగువుగా ఉంచండి. పళ్ళ మధ్య బిగుతుగా ఉన్నచోట నొక్కితే దారం టక్కున దిగి చిగురుకి తగులుతుంది. మొన్న రక్తం రావడానికి అదీ కారణం కావచ్చు. అటూ ఇటూ మెల్లగా కదుపుతూ దింపండి. దిగాక ఒక పన్నుని కౌగిలించినట్టు దారాన్ని వంచి, చిగురు అంచునుంచి పన్ను కొస వైపుకి రెండు మూడుసార్లు తుడవండి. తర్వాత పక్క పన్ను. మీ వేళ్ళు పట్టకపోతే మందుల షాపుల్లో పిడి ఉన్న ఫ్లాస్ పిక్‌లు దొరుకుతాయి, పిల్లలకి అవే హాయి. అగ్గిపుల్లలు, పిన్నీసులు మాత్రం దగ్గరికి రానివ్వకండి.

పాచి చేరి చిగురు వాచి ఉన్నా మొదట్లో కొద్దిగా రక్తం కనిపిస్తుంది. మెల్లగా, రోజూ చేస్తుంటే వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. అప్పటికీ ఆగకపోతే డాక్టరుకి చూపించండి.

ఇక అత్తయ్యగారి మాట. ఆవిడకి మనవరాలి ఏడుపు భరించరానిదైంది, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. పాలపళ్ళు ఊడిపోతాయన్నదీ నిజమే. అయితే ముందు పళ్ళు ఆరేడేళ్ళకి ఊడినా, దవడలో ఉన్నవి పది, పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. ఈలోగా పుచ్చి తీయించాల్సి వస్తే పక్క పళ్ళు ఒరిగి, రాబోయే పళ్ళకి చోటు లేకుండా పోతుంది. పైగా ఆరేళ్ళ ప్రాయంలో చివరి పాలపన్ను వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, కొత్తగా ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. చాలామంది దాన్నీ పాలపన్నే అనుకుని వదిలేస్తారు. ఆనుకున్న పాలపన్ను పుచ్చితే దానికీ అంటుకోవచ్చు. మీరు చెబితే వాదనలా ఉంటుంది కాబట్టి ఈసారి డెంటిస్టు దగ్గరికి ఆవిడనీ తీసుకెళ్ళండి, డాక్టరుగారి నోటనే విననివ్వండి. ఆవిడ కాలంలో పిల్లల చేతిలో గంటకో బిస్కెట్టు, చాక్లెట్టు ఉండేవి కావు. 'మధ్యమధ్యలో ఇచ్చేవి తగ్గిద్దాం అత్తయ్యా, మీరే చూసుకోండి' అని ఆ పని ఆవిడకే అప్పగించండి. మీరు ఫ్లాస్ చేసే రెండు మూడు నిమిషాలూ పక్కన కూర్చుని కథ చెప్పమనండి.

మీవారితో పాప నిద్రపోయాక మాట్లాడండి. గట్టిగా పట్టుకోవడం ఆయనకీ ఇష్టమై ఉండదు. తను ఆ చుట్టుపక్కల ఉంటేనే పాప బిగుసుకుపోతుంటే కొన్నాళ్ళు పక్కకి తప్పుకుని, ఉదయం బ్రష్ చేయించే పని తీసుకోమనండి. ఫిల్లింగ్ చేసిన డాక్టరుకి ఆరు నెలల్లోపు మళ్ళీ చూపించండి. ఆ పన్ను నొప్పి పెడుతున్నా, పక్క చిగురు మీద పొక్కులా లేచినా అంతదాకా ఆగకుండా వెంటనే తీసుకెళ్ళండి.