లారీ ఇంజన్ పోయాక షార్ట్ బ్లాక్ కొనాలా, లాంగ్ బ్లాక్ కొనాలా?

మీరు అడిగింది ఇది: లారీ ఇంజన్‌లో బిగ్ ఎండ్ బేరింగ్ (కనెక్టింగ్ రాడ్ కింది చివర ఉండేది) కొట్టేసింది, కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాక్ పక్క గోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. అమ్మేవాళ్లలో ఒకరు షార్ట్ బ్లాక్ అంటున్నారు, ఇంకొకరు లాంగ్ బ్లాక్, మరొకరు కంప్లీట్ ఇంజన్. ఏది అడగాలి, పాత ఇంజన్‌లో ఏవి పనికొస్తాయి?

నా బండి ఇంజన్ కూడా ఇలాగే రాడ్ బయటికొచ్చి పోయింది. ఇంజన్ దించడం దగ్గర్నుంచి మళ్లీ స్టార్ట్ చేసేదాకా మెకానిక్ పక్కనే ఉండి పని చేశాను. మీరు చెప్పిన దెబ్బకి నేనైతే లాంగ్ బ్లాక్ తీసుకుంటాను, ఆయిల్ కూలర్ కొత్తది వేయిస్తాను. ఎందుకో తెలియాలంటే ఆ పేర్ల లోపల ఏముందో చూడాలి.

అన్నిటికంటే తక్కువ సామానుతో వచ్చేది బేర్ బ్లాక్. పోత పోసి మెషినింగ్ చేసిన ఉత్త దిమ్మ అది. సిలిండర్ బోర్లు, నీళ్లు తిరిగే జాకెట్లు, ఆయిల్ దారులు, కింద క్రాంక్ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే షాఫ్ట్) కూర్చునే మెయిన్ బోర్లు, వాటి క్యాపులు, అంతే. ఆ క్యాపులు అదే బ్లాక్‌వి అయి తీరాలి. క్యాపులు బిగించాకే మెయిన్ బోర్లన్నిటినీ ఒకే వరసలో కోస్తారు కాబట్టి, ఇంకో బ్లాక్ క్యాపు తెచ్చి పెట్టినా, ఉన్న క్యాపునే తిప్పి పెట్టినా గుండ్రం తప్పి క్రాంక్ పట్టేస్తుంది. పాత క్రాంక్, రాడ్లు, పిస్టన్లు బాగున్నవాళ్లకే బేర్ బ్లాక్ పనికొస్తుంది. మీ రాడ్ విరిగింది కాబట్టి ఆ క్రాంక్‌ను నమ్మలేం. ఇది పక్కన పెట్టేయండి.

షార్ట్ బ్లాక్ అంటే ఆ దిమ్మలో క్రాంక్, మెయిన్ బేరింగులు, రాడ్లు, పిస్టన్లు, రింగులు కొలతలు చూసి బిగించి ఇచ్చేది. మెకానిక్కులు హాఫ్ ఇంజన్ అనేది దీన్నే. అయితే హాఫ్ ఇంజన్ పని అంటే మాత్రం మీ బ్లాక్‌లోనే రింగులు, బేరింగులు మార్చడం, అది వేరే సంగతి. ఫోన్లో మాట్లాడేటప్పుడు ఈ రెండూ కలిసిపోకుండా చూసుకోండి. షార్ట్ బ్లాక్‌కి హద్దు హెడ్ గాస్కెట్, అంటే బ్లాక్‌కీ పైన వాల్వులుండే హెడ్‌కీ మధ్య పెట్టే పొర. దానికి పైన ఉన్నదేదీ ఇందులో రాదు.

వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్ట్ వస్తుందా రాదా అన్నది ఇంజన్ నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. కమిన్స్ బీ సిరీస్‌లో క్యామ్ బ్లాక్‌లోనే ఉంటుంది, పుష్ రాడ్లతో వాల్వులను ఆడిస్తుంది. ఇలాంటి వాటికి చాలామంది క్యామ్ కూడా వేసే ఇస్తారు. వోల్వో డీ13లో క్యామ్ హెడ్ మీద ఉంటుంది, టైమింగ్ గేర్లు వెనక ఫ్లైవీల్ వైపు ఉంటాయి. అక్కడ షార్ట్ బ్లాక్‌తో క్యామ్ ఎలాగూ రాదు. ఆయిల్ పంపు, ఆయిల్ చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), ముందు గేర్ హౌసింగ్ విషయంలో మాత్రం ఏ రూలూ లేదు. ఒకరు ఇస్తారు, ఇంకొకరు ఇవ్వరు.

షార్ట్ బ్లాక్ మీద హెడ్, వాల్వులు, రాకర్లు, కొత్త గాస్కెట్ బిగించి, టైమింగ్ కుదిర్చి ఇస్తే లాంగ్ బ్లాక్. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు, టర్బో, నాజిళ్లు, డీజిల్ పంపు, సెల్ఫ్, ఆల్టర్నేటర్, ఫ్లైవీల్, వైరింగ్ సాధారణంగా రావు. పాత ఇంజన్ నుంచి విప్పి మార్చుకోవాలి. ఇవి కూడా కలిపి ఇస్తే దాన్ని కంప్లీట్ ఇంజన్ అనో డ్రెస్డ్ ఇంజన్ అనో అంటారు. క్రేట్ ఇంజన్ అన్న మాట కూడా వినిపిస్తుంది. తయారుచేసి పెట్టెలో పెట్టి పంపిన ఇంజన్ అని తప్ప, లోపల ఏముందో ఆ మాట చెప్పదు.

అందుకే పేరు విని ఒప్పుకోవద్దు. లోపల ఉన్న సామాను జాబితా కాగితం మీద రాసిమ్మనండి. నేను కొన్న లాంగ్ బ్లాక్‌కి ఆ జాబితా తీసుకోబట్టే, ఆయిల్ పంపు లేకుండా వచ్చినప్పుడు వాదన లేకుండా పంపు తెప్పించుకోగలిగాను.

ఇక పాత సామాను. ఇంజన్ మార్పిడిలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది, దీని గురించి అమ్మేవాళ్లు ఎవరూ మాట్లాడరు. బేరింగ్ కొట్టేసినప్పుడు దాని మీది మెత్తటి లోహపు పొర పొడిగా రాలి ఆయిల్‌లో కలుస్తుంది. మొదట్లో ఫిల్టర్ పట్టుకుంటుంది. ఫిల్టర్ మూసుకుపోగానే బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. ఆయిల్ అసలే అందకపోవడం కంటే మురికి ఆయిల్ నయమని పెట్టిన ఏర్పాటు అది. ఇక అప్పటి నుంచి ఆ పొడి వడపోత లేకుండా ఆయిల్ పోయే ప్రతి చోటికీ పోతుంది. ఆయిల్ కూలర్ లోపల దారులు సన్నవి, మలుపులు ఎక్కువ. అక్కడ ఇరుక్కున్నది డీజిల్ పోసి కడిగినా, గాలి కొట్టినా పూర్తిగా రాదు. కొత్త ఇంజన్ వేడెక్కి, ఆయిల్ పలచబడి, బండి అదురుతున్నప్పుడు కొంచెం కొంచెంగా ఊడి వస్తుంది.

కూలర్ తర్వాతే కదా ఫిల్టర్ ఉంది, అదే పట్టుకుంటుందిలే అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. చలిలో స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ చిక్కగా ఉండి బైపాస్ కాసేపు తెరుచుకునే ఉంటుంది, కొత్త బేరింగ్ గీసుకుపోవడానికి ఆ కాసేపు చాలు. నాకు తెలిసిన ఒకాయన బండికి ఒక షెడ్డులో మంచి షార్ట్ బ్లాకే వేశారు, పాత కూలర్ కడిగి బిగించారు. లోడు మీద తిరగడం మొదలయ్యాక ఆయిల్ ప్రెషర్ పడిపోయింది, విప్పితే మళ్లీ బేరింగులే. కూలర్ కొత్తది వేయండి, ఆయిల్ పైపులు విప్పి లోపల బ్రష్‌తో తోమించండి. టర్బోకి వెళ్లేదీ అదే ఆయిల్. దాని షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరుగుతుంది, కాబట్టి కాస్త పొడి కూడా దాని బేరింగులకు ఎక్కువే. షాఫ్ట్ ఆట చూపించకుండా పాత టర్బోను కొత్త ఇంజన్‌కి బిగించొద్దు. పిస్టన్ ముక్కలైతే ఎగ్జాస్ట్ వైపు రెక్కలూ చూడాలి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ లోపలా చూడాలి.

మీకు షార్ట్ బ్లాక్ వద్దంటున్నది కూడా ఇందుకే. రాడ్ విరిగిన సిలిండర్‌లో పిస్టన్ పైకి లేచి వాల్వులను తాకి ఉండొచ్చు. పాత హెడ్ వాడాలంటే లేత్‌కి పంపి అడుగు చదునుగా ఉందో లేదో కొలిపించాలి, ప్రెషర్ పెట్టి చిట్లు చూడాలి, వాల్వులు, గైడ్లు మార్చాలి. ఆ హెడ్‌లో వాల్వుల వరకూ పోయే ఆయిల్ దారుల్లో కూడా అదే పొడి ఉంది. హెడ్ పాడవకుండా కింద మాత్రమే పోయిన ఇంజన్‌కి షార్ట్ బ్లాక్ చక్కటి దారి. మీది అలాంటిది కాదు.

కన్నానికి వెల్డింగో, కుట్టు పనో (ఇనుప పిన్నులు దింపి మూయడం) చేయిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. నీటి జాకెట్‌లో చిన్న చిట్లుకి పోత ఇనుము కుట్టించడం పనిచేస్తుంది గానీ, రాడ్ చీల్చుకొచ్చిన చోట ఆయిల్ దారులూ మెయిన్ బోర్లూ దెబ్బతినకుండా మిగిలాయో లేదో కంటికి కనపడదు.

బోర్ల గురించి కూడా తెలుసుకోండి. పేరెంట్ బోర్ అని రాసి ఉంటే లైనర్ (సిలిండర్‌లో విడిగా దించే గొట్టం) లేదు, సిలిండర్ బ్లాక్ ఇనుములోనే తొలిచారు అని. 102 మి.మీ. బోరు, 120 మి.మీ. స్ట్రోక్ ఉన్న కమిన్స్ బీ సిరీస్ 5.9 లీటర్ల ఇంజన్ ఇలాంటిదే. ఇందులో బోరు అరిగితే దాన్ని పెద్దది చేసి 0.50 లేదా 1.00 మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తారు. సీ సిరీస్ 8.3 లీటర్లది వెట్ లైనర్. లైనర్ బయటి గోడకు నీళ్లు నేరుగా తగులుతాయి, అరిగితే లైనర్ లాగి కొత్తది దించుకోవచ్చు. బ్లాక్ బాగున్నప్పుడు ఇలాంటి ఇంజన్‌ని చాసిస్ నుంచి దించకుండానే పిస్టన్, లైనర్ కిట్టు మార్చేస్తారు. వెట్ లైనర్ ఇంజన్ కొంటుంటే లైనర్ అంచు బ్లాక్ పైకి ఎంత తేలిందో కొలత అడగండి. మిల్లీమీటర్లో వందో వంతుల లెక్క అది, కానీ తక్కువైతే హెడ్ గాస్కెట్ నిలవదు. కూలెంట్ బదులు ఉత్త నీళ్లు పోసి తిప్పితే లైనర్ బయటి గోడ అదురుకి నీటిలో బుడగలు పుట్టి పగులుతూ, ఇనుములో సన్నటి కన్నాలు తొలిచేస్తాయి. చివరికి నీళ్లు ఆయిల్‌లోకి వస్తాయి.

రీమాన్ ఇంజన్ అయితే క్రాంక్ గ్రైండింగ్ చేసి 0.25 లేదా 0.50 మి.మీ. అండర్‌సైజ్ చేసి ఉండొచ్చు. అది లోపం కాదు. మెయిన్లు ఎంత, బిగ్ ఎండ్లు ఎంత, పిస్టన్లు ఏ సైజు అన్నది రాసి తీసుకుని దాచుకోండి, రేపు బేరింగులు కొనేటప్పుడు అదే ఆధారం. రీమాన్ అంటే మొత్తం విప్పి, అరిగే సామానంతా మార్చి, కంపెనీ కొలతలకు తెచ్చినది. రీబిల్ట్ అంటే చాలాసార్లు పాడైనవి మాత్రమే మార్చినది. సెకండ్ హ్యాండ్ అంటే విప్పనే లేదు, కంప్రెషన్ చూడకుండా కొనకూడదు. కోర్ అన్న మాటా వినిపిస్తుంది, మీరు తిరిగివ్వాల్సిన పాత ఇంజన్ అది. కన్నం పడ్డ బ్లాక్‌ను కోర్‌గా తీసుకోరు, లేదా డిపాజిట్‌లో కోత వేస్తారు. ముందే ఫోటో పంపి ఒప్పించుకోండి.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు మోడల్ పేరు సరిపోదు. ఇంజన్ ప్లేటు మీది సీరియల్ నంబరు ఇవ్వండి, కమిన్స్ అయితే సీపీఎల్ నంబరు కూడా. ఒకే ఇంజన్‌లో ఏ పిస్టన్, ఏ క్యామ్, ఏ టర్బో వేశారో సీపీఎల్ చెబుతుంది. బ్లాక్ పక్కన ఉబ్బెత్తుగా ఉండేది పోత నంబరు, అది ఏ అచ్చులో పోశారో మాత్రమే చెబుతుంది. అయినా చూసుకోవాలి. 24 వాల్వుల కమిన్స్ 5.9లో 53 అన్న పోత అంకె ఉన్న బ్లాకులు కొన్ని నీటి జాకెట్ దగ్గర చిట్లి చెడ్డపేరు తెచ్చుకున్నాయి.

బిగించాక స్టార్ట్ చేసే ముందు ఆయిల్ దారులను ప్రెషర్‌తో నింపండి, టర్బోకి ఆయిల్ పోయండి. డీజిల్ కట్ చేసి సెల్ఫ్ కొట్టి గేజ్‌లో ప్రెషర్ కనిపించాకే స్టార్ట్ చేయండి. గంటల తరబడి ఐడిల్‌లో వదలొద్దు, రింగులు కూర్చోవాలంటే లోడు పడాలి. మొదటి ఫిల్టర్ త్వరగా విప్పి, కోసి, కాగితం మడతలు తెరిచి చూడండి. రాగి రంగు మెరుపు కనిపిస్తే లోడు ఎక్కించకుండా చాంబర్ దించి బేరింగులు చూపించండి.