గోదావరి అవతల మిడ్‌వైఫ్‌ల చేతిలో కాన్పు: ముందు తోడు వచ్చే మనిషిని సిద్ధం చేయండి

మహారాష్ట్రలోని సిరొంచ దగ్గరి పల్లె నుంచి ఏడో నెల గర్భిణి ఒకరు అడిగారు: తెలంగాణలో మిడ్‌వైఫ్‌లు కాన్పు చేసే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలనుకుంటున్నాను, ఎలా సిద్ధం కావాలి అని. నాదీ సిరొంచే. నా రెండో కాన్పు అలాంటి చోటే అయింది.

సంచిలో ఉతికిన నూలు బట్టలు, రెండు నైటీలు, ప్యాడ్లు, బిడ్డకు టోపీ, ఆధార్, ఫ్లాస్కు చాలు. అన్నిటికన్నా ముఖ్యం మీ కార్డు. మన మాతా శిశు కార్డు మరాఠీలో ఉంటుంది. అక్కడి సిస్టర్ దాన్ని తిరగేసి, "ఇందులో ఏముందో మీరే చదివి చెప్పండమ్మా" అన్నారు. నొప్పులు పడుతూ చదివాను. మీకు ఆ అవస్థ వద్దు. బ్లడ్ గ్రూపు, హిమోగ్లోబిన్, బీపీ, స్కానింగ్‌లో ఇచ్చిన తేదీ ఒక కాగితం మీద తెలుగులో మీ ఆశా తాయితో (ఆశా కార్యకర్తతో) రాయించుకోండి.

"మంత్రసాని చేతిలో పెడతారా?" అని మా అత్తయ్య బెంగపడింది. మీ ఇంట్లోనూ అదే మాట వస్తుంది. ఈ మిడ్‌వైఫ్‌లు నర్సింగ్ చదివి, ఆపై 18 నెలలు ప్రసవాల్లోనే శిక్షణ పొందినవాళ్లు. తెలంగాణలో ఆ శిక్షణ 2017లో కరీంనగర్‌లో మొదలైంది. అయితే వాళ్లు ఆపరేషన్ చేయరు. బీపీ ఎక్కువున్నా, కవలలైనా, బిడ్డ అడ్డం తిరిగినా, ముందు సిజేరియన్ అయినా డాక్టరే చూడాలి. ఆపరేషన్ అవసరమైతే ఎక్కడికి పంపుతారో, రక్తం ఎక్కడ దొరుకుతుందో ఎనిమిదో నెలలోనే అడగండి.

ఇక తోడు సంగతి. నా మొదటి కాన్పు వేరే ఆసుపత్రిలో. వెల్లకిలా పడుకోబెట్టి, అమ్మను గుమ్మం బయటే ఆపేశారు. ఆ భయం నన్ను నాలుగేళ్లు వదలలేదు. రెండోసారి అమ్మను లోపలికి రానిచ్చారు. మిడ్‌వైఫ్ నన్ను లేచి నడవమంటే, అమ్మ "కదలకుండా పడుకో" అని చేయి పట్టి లాగింది. నొప్పి ఒకవైపు, వాళ్లిద్దరి మాటలు మరోవైపు. ఆ గంట నలిగిపోయాను. చివరికి మిడ్‌వైఫే మా అమ్మ అరచేతిని నా నడుము కింద పెట్టించి, నొప్పి వచ్చినప్పుడల్లా ఎలా అదమాలో చూపించారు. ఆ తర్వాత అమ్మ నన్ను వదలలేదు. మోకాళ్ల మీద, మంచం అంచు పట్టుకుని కన్నాను. నిటారుగా ఉంటే బిడ్డ బరువు కిందికి పనిచేస్తుంది. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి పెద్ద రక్తనాళాన్ని నొక్కుతుంది. ఇది అమ్మకు ముందే తెలిసి ఉంటే ఆ గంట వృథా అయ్యేది కాదు. కాన్పు గదిలో తోడుగా ఒక స్త్రీ ఉండవచ్చని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. మీతో వచ్చేది అమ్మ అయినా అత్తయ్య అయినా, ఈ నెల పరీక్షకు వెంట తీసుకువెళ్లండి. మిడ్‌వైఫ్ నోటనే వినాలి. నడుము అదమడం ఇంట్లో సాధన చేయించండి. అమ్మ బిడ్డకు నాకించాలని తేనె కూడా తెచ్చింది. ముర్రుపాలు తప్ప ఏదీ వద్దన్న మాటా అప్పుడే చెప్పించుకోండి.

రక్తం పోయినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో చూపు మసకబారినా, ఉమ్మనీరు ఆకుపచ్చగా కనిపించినా నొప్పుల కోసం ఎదురుచూడకుండా వెంటనే బయలుదేరండి.

మీ తేదీ ఏ నెలలో పడుతుందో రాయలేదు. శ్రావణ, భాద్రపదాలైతే పది రోజుల ముందే అవతలి ఒడ్డున చుట్టాల ఇంటికి చేరండి. వంతెన ఉన్నా, గోదావరి, ప్రాణహిత పొంగితే వంతెన దాకా వెళ్లే దారి మునుగుతుంది.