పొలం చెల్లెలికి రాసిచ్చేశాం, నాన్నకి మెడికెయిడ్ వస్తుందా?

ప్రశ్న: మేం న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటాం. నాన్నకి 79, అమ్మకి 75, ఇద్దరూ అమెరికా సిటిజన్లే. పక్షవాతం వచ్చి నాన్న నర్సింగ్ హోమ్‌లో ఉన్నారు. మెడికేర్ (65 దాటినవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కట్టే రోజులు అయిపోవస్తున్నాయి, తర్వాత నెలకి 12 వేల డాలర్లట. వాళ్లకి బ్యాంకులో 90 వేల డాలర్లు, అమ్మ ఉంటున్న చిన్న కాండో (సొంత ఫ్లాట్) ఉన్నాయి. తెనాలి దగ్గర 60 లక్షల పొలం రెండేళ్ల కిందట ఇండియాలో ఉన్న మా చెల్లెలికి గిఫ్ట్ డీడ్ చేశారు. ఆ 90 వేలు మా పేరుకి మార్చుకుంటే మెడికెయిడ్ (ఆదాయం, ఆస్తి తక్కువున్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే వైద్య సాయం) వస్తుందా? పొలం సంగతి చెప్పాలా?

జవాబు: ముందు ఆ 90 వేలు కదపకండి. ఏడాదికి ఒక్కొక్కరికి 19 వేల డాలర్ల దాకా ఇవ్వచ్చు కదా అని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు, అది 2025 గిఫ్ట్ ట్యాక్స్ పరిమితి, మెడికెయిడ్‌కి దానితో ఏ సంబంధమూ లేదు. దరఖాస్తు తేదీ నుంచి వెనక్కి 60 నెలలు చూస్తారు. ఆ లోపల ఊరికే ఇచ్చేసినది ఏదైనా, మనవడి ఫీజు అయినా, చెల్లెలి పొలం అయినా, లెక్కలోకి వస్తుంది.

మెడికేర్ సంగతి తెలిసిందే. ఆసుపత్రి నుంచి వచ్చాక మహా అయితే 100 రోజులు, అందులో మొదటి 20 రోజులే పూర్తిగా ఇస్తుంది. స్నానం, తిండి, మంచం మీద నుంచి లేపడం లాంటి రోజువారీ సేవకి అది డబ్బు కట్టదు. దానికి మిగిలేది మెడికెయిడే.

పొలం సంగతి చెప్పాలా అంటే, చెప్పాలి. దరఖాస్తు మీద చెప్పినవన్నీ నిజమేనని సంతకం పెట్టేది నాన్న తరఫున బహుశా మీరే. కౌలు డబ్బులు, ఎన్‌ఆర్‌ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లకి ఇండియాలో ఉండే బ్యాంకు ఖాతా) వడ్డీ ఇక్కడి ట్యాక్స్ రిటర్నుల్లో కనిపిస్తే అడగకుండా ఉండరు. తెనాలి దాకా వచ్చి ఎవరు చూస్తారులే అనే ధైర్యంతో ప్రభుత్వాన్ని మోసం చేసిన కేసు నెత్తిన పెట్టుకోకండి.

అయినా చెప్తే కొంపేం మునగదు, లెక్క చూడండి. ఇచ్చిన ఆస్తి విలువని రాష్ట్రం పెట్టుకున్న సగటు నర్సింగ్ హోమ్ ఖర్చుతో భాగిస్తారు. 60 లక్షలంటే సుమారు 70 వేల డాలర్లు, నెల ఖర్చు 12 వేలు అనుకుంటే ఆరు నెలల లోపు పెనాల్టీ, అంటే అన్ని నెలలు మెడికెయిడ్ నర్సింగ్ హోమ్‌కి కట్టదు. దస్తావేజులో ఉన్న ప్రభుత్వ విలువ కాదు, రాసిచ్చిన రోజున అసలు పలికే ధర చూస్తారు. చాలామంది ఇక్కడే భయపడి, ఇంకో మూడేళ్లు సొంతంగా కట్టుకుంటే ఐదేళ్లు దాటిపోతాయని ఆగుతారు. మూడేళ్లంటే 4 లక్షల 32 వేల డాలర్లు! ఆరు నెలల పెనాల్టీ తప్పించుకోవడానికి 36 నెలల బిల్లు కట్టడమేమిటి?

చిక్కు ఒక్కటే. నాన్న వాటా 2,000 డాలర్లకి తగ్గి, దరఖాస్తు పెట్టి, మిగతా అర్హతలన్నీ కుదిరాకే ఆ పెనాల్టీ గడియారం మొదలవుతుంది. అంటే డబ్బు అయిపోయాక ఆ ఆరు నెలలు ఎవరు కడతారన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. చెల్లెలు తిరిగి ఇచ్చేస్తే పెనాల్టీ పోతుంది, కానీ అమెరికా సిటిజన్ పేరున వ్యవసాయ భూమిని గిఫ్ట్‌గా తిరిగి రాయడానికి ఇండియా చట్టం ఒప్పుకోదు. పొలం అమ్మి ఆ డబ్బు నాన్నకి పంపించడమే దారి. ఇండియాలో ఉన్నవాళ్లు ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపచ్చు. చెల్లెలితో ఈ మాట ఎత్తడం లెక్కల కంటే కష్టమని నాకూ తెలుసు.

ఇక 90 వేలు. న్యూజెర్సీలో ఇంట్లో ఉండే భార్యకి సగం వదిలేస్తారు, 2025లో అది 31,584 నుంచి 1,57,920 డాలర్ల మధ్య ఉండాల్సింది. అమ్మకి 45 వేలు ఉంటాయి. మిగతా 43 వేలు ఎవరికీ ఇవ్వకుండా ఖర్చు పెట్టాలి: కాండో అప్పు, ఇంటి రిపేర్లు, అమ్మకి కారు, నర్సింగ్ హోమ్ బిల్లు, లాయర్ ఫీజు. అంత్యక్రియలకి వెనక్కి తీసుకోలేని ట్రస్టులో ముందే కట్టచ్చు, మనవాళ్లు అశుభం అంటారు గానీ చాలా ఉపయోగం. అమ్మ అందులో ఉంటున్నంతకాలం కాండో లెక్కలోకి రాదు. దాన్ని పూర్తిగా అమ్మ పేరుకి మార్చినా పెనాల్టీ లేదు, భార్యాభర్తల మధ్య మార్పులకి మినహాయింపు ఉంది. ఈ మార్పు లాయర్‌తో మాట్లాడి తొందరగా చేయండి, ఎందుకంటే 55 దాటినవాళ్ల మీద పెట్టిన ఖర్చుని వాళ్లు పోయాక ఆస్తి నుంచి రాష్ట్రం వసూలు చేసుకుంటుంది.

నాన్న నెల ఆదాయం పరిమితి (2025లో 2,901 డాలర్లు) దాటితే ఆదాయ ట్రస్టు, అంటే ఆ ఆదాయం వేసే ప్రత్యేక ఖాతా పెట్టుకోవాలి. ఆయన ఆదాయం ఎంతో మీరు రాయలేదు, చూసుకోండి.

మెడికెయిడ్ వచ్చాక పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఏటా రెన్యువల్ కాగితాలు పోస్టులో వస్తాయి, ఆ కవరు విప్పకపోతే కవరేజీ ఆగుతుంది. నాన్న ఖాతాలో మీరు పేరు చేర్చి మీ జీతం వేసుకుంటే అది ఆయన డబ్బే అంటారు, మీదని రుజువు చేసుకోవాలి. ఊళ్లో తాతగారి ఇల్లు పంచుకుంటూ "మీరు అమెరికాలో ఉన్నారుగా, హక్కు వదులుకుంటూ ఒక సంతకం పెట్టండి" అని బాబాయిలు అడిగితే, నాన్న చేత పెట్టించకండి. వచ్చే వాటా వద్దనడం కూడా ఇచ్చేయడం కిందే లెక్క.

దరఖాస్తు మీ కౌంటీ సోషల్ సర్వీసెస్ ఆఫీసులో. ఐదేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇండియావి కూడా, ఈ వారమే తెప్పించడం మొదలుపెట్టండి. గిఫ్ట్ డీడ్ తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం చేయించి, ఆ కాలంలో చుట్టుపక్కల పొలాలు ఏ ధరకి అమ్ముడయ్యాయో కాగితం మీద పెట్టుకుని, ఎల్డర్ లా (పెద్దవాళ్లకి సంబంధించిన చట్టాలు) చేసే లాయర్ దగ్గరికి చెల్లెల్ని ఫోన్‌లో కలుపుకుని వెళ్లండి.