ప్రశ్నలు రాసేదీ ఆటగాళ్లే అయితే: పాఠకుల సందేహాలు, సమాధానాలు

ఆన్‌లైన్ క్విజ్ ఆటల్లో ప్రశ్నలు ఆటగాళ్ల చేతే రాయించడం కొత్తేమీ కాదు. 2013లో అర్జెంటీనా సంస్థ ఎటర్‌మ్యాక్స్ తెచ్చిన ట్రివియా క్రాక్‌లో ప్రశ్నలు పంపేదీ, అవి బాగున్నాయో లేదో తేల్చేదీ ఆటగాళ్లే. ఇప్పుడు మన దగ్గర కూడా కాలేజీ పిల్లలు, కోచింగ్ సెంటర్ల వాళ్లు తెలుగులో ఇలాంటి ఆటలు తయారు చేసుకుంటున్నారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వీటి గురించే.

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం కలిసి తెలుగు క్విజ్ యాప్ చేశాం. పదిమంది లైక్ కొడితే ప్రశ్న ఆటలోకి వెళ్తుంది. "ఆంధ్ర రాష్ట్రం ఎప్పుడు ఏర్పడింది?" అని అడిగి, జవాబు 1956 అని ఒకరు పంపారు. లైకులు బాగానే వచ్చాయి. ఇప్పుడు రోజూ దాని మీద గొడవే. లైకుల సంఖ్య పెంచితే సరిపోతుందా?
– డిగ్రీ విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: సరిపోదు. పదిని వెయ్యి చేసినా ఇదే జరుగుతుంది. లైక్ కొట్టేవారు పుస్తకం తీసి సరిచూసి కొట్టరు. తమకు తెలిసిన జవాబు కనబడితే కొడతారు. నలుగురిలో ఉన్న పొరపాటే లైకులుగా మారి మీ దగ్గరికొస్తుంది. ప్రశ్న నచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఓట్లు పనికొస్తాయి. జవాబు నిజమో కాదో మాత్రం మనిషి కూర్చుని చూడాల్సిందే.

మీ ప్రశ్ననే తీసుకోండి. మద్రాసు నుంచి విడివడి, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబర్ 1న. హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది 1956 నవంబర్ 1న. మాటకు మాట పట్టుకుంటే జవాబు 1953. అయినా రోజువారీ మాటల్లో ఆంధ్ర అంటే ఆంధ్రప్రదేశే కాబట్టి 1956 నొక్కినవారిని తప్పు పట్టలేం. ప్రశ్నను తీసెయ్యనక్కర్లేదు. "కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏ సంవత్సరంలో ఏర్పడింది?" అని మార్చండి. అప్పుడు 1956ని ఆప్షన్లలో నిశ్చింతగా ఉంచవచ్చు. తెలిసినవారికీ తెలియనివారికీ తేడా అక్కడే బయటపడుతుంది.

ఇలాంటి చిక్కు మన ప్రాంతపు ప్రశ్నల్లో అడుగడుగునా ఉంది. "కృష్ణా నది మీద విజయవాడ దగ్గర ఆనకట్ట ఎప్పుడు పూర్తయింది?" అంటే పాత ఆనకట్టకు 1855, ప్రకాశం బ్యారేజీకి 1957. పింగళి వెంకయ్య పుట్టిన సంవత్సరం 1876 అని ఎక్కువచోట్ల ఉంటుంది, 1878 అని కూడా కొన్నిచోట్ల కనబడుతుంది. అందుకని ఆయన పుట్టిన ఏడాది అడగడం కన్నా, 1921లో ఏ ఊళ్లో జరిగిన కాంగ్రెస్ కమిటీ సమావేశాల్లో ఆయన జెండా నమూనాను గాంధీజీకి చూపించారని అడగండి. బెజవాడ అన్న జవాబుకు ఎవరూ అడ్డుచెప్పరు.

ఇంకో రకం తప్పు ఉంది. రాసిన రోజు ఒప్పే, తర్వాత తప్పవుతుంది. విజయవాడ కృష్ణా జిల్లాలో ఉందన్న జవాబు 2022 ఏప్రిల్ 3 దాకా ఒప్పు. ఆ మర్నాటి నుంచి అది ఎన్టీఆర్ జిల్లా కేంద్రం. అదే రోజున గుంటూరు జిల్లా నుంచి నరసరావుపేట పల్నాడు జిల్లాకు, బాపట్ల తన పేరుతోనే ఏర్పడిన జిల్లాకు వెళ్లాయి. జిల్లాల సంఖ్య, మంత్రులు, క్రికెట్ రికార్డులు, జనాభా – వీటి మీద వచ్చే ప్రతి ప్రశ్నకూ "ఏ తేదీ నాటికి సరైనది" అన్న గడి ఫారంలో తప్పనిసరి చేయండి. ఆరు నెలలు దాటగానే ఆ ప్రశ్న దానంతటదే ఆట నుంచి పక్కకు జరిగి, మళ్లీ సరిచూసే వరుసలోకి రావాలి.

ఆ సరిచూడటం ఎలాగంటే: ప్రశ్న పంపినవారి పేరు, వారు పెట్టిన జవాబు – రెండూ దాచేసి ఇద్దరు పరిశీలకులకు విడివిడిగా పంపండి. వారు ముందు జవాబు తేల్చి, ఆధారం రాయాలి. ఇద్దరి జవాబూ పంపినవారి జవాబుతో కలిస్తేనే ప్రశ్న ముందుకెళ్తుంది. ఒక్కరిది తేడా వచ్చినా, ఎవరు రైటని వాదించుకోకుండా ప్రశ్నను వెనక్కి పంపండి. తేడా వచ్చిందంటేనే వాక్యంలో ఎక్కడో రెండర్థాలున్నట్టు. జవాబు ముందే కనబడితే పరిశీలకులు "అవును, నిజమే" అనేసి ఊరుకుంటారు. చాలా ఆటల్లో జరుగుతున్న లోపం ఇదే.

ప్రశ్న: నేను పంపే ప్రశ్నల్లో సగం "ఆప్షన్లు బలహీనం" అని తిరిగొస్తున్నాయి. జవాబులు మాత్రం నూటికి నూరుపాళ్లు సరైనవే. ఆప్షన్లలో ఏం చూస్తారు?
– తెలుగు ఉపాధ్యాయురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: విషయం ఏమాత్రం తెలియని మనిషి మీ ఆప్షన్లను చూసి జవాబు పట్టేయగలడా అని చూస్తారండీ. నాలుగు ఆప్షన్లుంటే గుడ్డిగా నొక్కినా నూటికి పాతికసార్లు తగులుతుంది. రెండు ఆప్షన్లు చూడగానే కొట్టిపారేసేలా ఉంటే ఆ పాతిక కాస్తా యాభై అవుతుంది.

ఉదాహరణకు కొండపల్లి బొమ్మల కర్ర. "కొండపల్లి బొమ్మలు ఏ కర్రతో చేస్తారు?" అని అడిగి తెల్ల పొణికి, ఇనుము, ప్లాస్టిక్, గాజు అని ఇస్తే పొణికి పేరు విననివారు కూడా దానినే నొక్కుతారు. తెల్ల పొణికి, అంకుడు, టేకు, ఎర్రచందనం అని ఇవ్వండి. అంకుడు కర్రతో చేసేవి ఏటికొప్పాక బొమ్మలు. సగం సగం తెలిసినవారు అక్కడ ఆగి ఆలోచిస్తారు. మంచి తప్పు ఆప్షన్ అంటే అదే: ఇంకో ప్రశ్నకు ఒప్పయ్యే జవాబు.

తెలుగులో రాసేవారికి ఇంకో జాగ్రత్త కావాలి. మన క్రియలోనే ఆడా మగా, ఒకరా పలువురా అన్నది తెలిసిపోతుంది. "రాసిన కవయిత్రి ఎవరు?" అని అడిగి ముగ్గురు మగవారి పేర్లిస్తే ప్రశ్నే జవాబు చెప్పేసినట్టు. "ఎవరు కనిపెట్టాడు?" అన్నా అంతే. "రాసినవారు ఎవరు?", "కనిపెట్టినవారు ఎవరు?" అంటే ఈ బాధ ఉండదు. సరైన జవాబు ఒక్కటే పొడుగ్గా, విశేషణాలతో ఉండటం రెండో లోపం. జాగ్రత్తగా రాయాలన్న తాపత్రయంలో జవాబుకు వివరం చేరుస్తాం, మిగతా మూడూ ఒక్కో మాటతో వదిలేస్తాం. నాలుగింటినీ ఒకే పొడవుకు తీసుకురండి. ఆట ఆప్షన్ల వరుసను కలిపేస్తుంది కాబట్టి "పైవన్నీ" అన్నది అసలు వాడకండి. అది మొదటి ఆప్షన్‌గా వచ్చి కూర్చుంటే దాని పైన ఏమీ ఉండదు.

ఊరికో పేరున్న వస్తువుల విషయంలో రెండు పేర్లూ ఇవ్వడం న్యాయం. ఆనపకాయ అనేవారూ ఉన్నారు, సొరకాయ అనేవారూ ఉన్నారు. ఒకటే రాస్తే ఒక ప్రాంతపు పిల్లలు ఊరికే నష్టపోతారు.

ప్రశ్న: జవాబు టైప్ చేసే ఆటలో అక్షరం పొల్లు పోకుండా కొట్టినా తప్పంటోంది. అను ఫాంటులో ఉన్న పాత ప్రశ్నలను కాపీ చేసి వేస్తే పిచ్చి గీతలొస్తున్నాయి. లోపం ఎక్కడుంది?
– డీటీపీ ఆపరేటర్, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: రెండో సంగతి తేలిక. అను ఫాంట్లలో తెలుగు రూపం ఉంటుంది గానీ లోపల ఉండేవి అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ అక్షరాలు కావు. ఆ ఫాంటు లేనిచోట అవి గీతలుగానే కనబడతాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాక వత్తులను, ముఖ్యంగా రెండేసి వత్తులున్న మాటలను, కళ్లతో చదివి దిద్దండి. మార్పిడిలో ఎక్కువ దెబ్బతినేవి అవే.

మొదటిదానికి కారణాలు చాలా ఉన్నాయి. కంటికి ఒకేలా కనిపించే మాట లోపల వేరుగా ఉండొచ్చు. "సాఫ్ట్‌వేర్" అని టైప్ చేసేటప్పుడు చివరి ర్ తర్వాత కొన్ని కీబోర్డులు కనిపించని విడగొట్టే గుర్తును పెడతాయి, కొన్ని పెట్టవు. ఆట అక్షరం అక్షరం పోల్చుకుంటూ పోతే ఇవి రెండు వేరు మాటలు. "రైలు"లోని ఐత్వమూ అంతే: యూనికోడ్‌లో దాన్ని ఒకే గుర్తుగా దాచవచ్చు, ఎత్వానికి ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ దాచవచ్చు. ఆట తయారుచేసినవారు పోల్చే ముందు ఇరువైపులా ఎన్ఎఫ్‌సీ (విడి గుర్తులను ఒకే గుర్తుగా కలిపే యూనికోడ్ పద్ధతి) ప్రకారం సాపు చేయాలి, కనిపించని గుర్తులను, చివరి ఖాళీలను తీసేయాలి, ౧౯౫౩ని 1953గా మార్చాలి. ఇదంతా పది వరుసల కోడ్. అది లేకపోవడం వల్లే సరిగ్గా కొట్టినవారు ఓడిపోతున్నారు.

ఆ తర్వాత ఒప్పుకోదగ్గ రూపాల జాబితా. ఇది ప్రశ్న రాసేవారి పని. కృష్ణ, కృష్ణా, విజయవాడ, బెజవాడ, వెంకయ్య, వేంకయ్య, ఇంటిపేరుతో కలిపి, ఇంటిపేరు లేకుండా – ఇవన్నీ ముందే రాసిపెట్టాలి. "ఒకటి రెండు అక్షరాలు తేడా ఉన్నా ఒప్పుకో" అన్న సడలింపును అన్నిటికీ పెట్టకండి. అంకెలకు, మూడక్షరాల లోపు మాటలకు అసలు వద్దు. లేకపోతే 1953కి 1956 కూడా ఒప్పైపోతుంది. తేడాను లెక్కపెట్టడం కూడా చూసే అక్షరాల్లోనే జరగాలి. "లక్ష్మి" మనకు రెండక్షరాలు, కంప్యూటర్‌కు ఏడు సంకేతాలు.

ప్రశ్న: మా ఆటలో పైన నిలిచేవాళ్లంతా ఎక్కువ ప్రశ్నలు పంపినవాళ్లే. ఒక గుంపు వాళ్ల ప్రశ్నలకు వాళ్లే ఓట్లు వేసుకుంటున్నారు కూడా. ఇది మోసం కాదా?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, తాడేపల్లి

జవాబు: గుంపు ఓట్లు మోసమే. మొదటిదాంట్లో మాత్రం తప్పు ఆటదే. తను రాసిన ప్రశ్న తనకే వస్తే ఎవరైనా సరైన జవాబే నొక్కుతారు. ర్యాంకు లెక్కలోకి వచ్చే పోటీల్లో రాసినవారికి, పరిశీలించినవారికి ఆ ప్రశ్న ఎప్పటికీ రాకూడదు. ఇద్దరు ఆడే పోటీలో ఇద్దరిలో ఏ ఒక్కరు ముందే చూసి ఉన్నా ఆ ప్రశ్నను పక్కన పెట్టాలి.

పరిశీలకులు ప్రశ్నను ఎంచుకునే వీలు ఉండకూడదు. లింకు పంపి "దీనికి ఓటెయ్యి" అనే దారి మూసేసి, వరుసలో ఉన్నదాన్ని ఆటే ఎవరో ఒకరికి ఇవ్వాలి. పదింటికి ఒకటి చొప్పున, తప్పని ముందే తెలిసిన ప్రశ్నను కలిపి పెట్టండి. దాన్ని కూడా కళ్లు మూసుకుని పాస్ చేసేవారి ఓటుకు విలువ తగ్గించండి. ఎవరు చదివి వేస్తున్నారో వారంలో తేలిపోతుంది.

ఇంకొకటి: పంపేవారిలో సినిమా, క్రికెట్ అభిమానులే ఎక్కువైతే మొత్తం నిల్వలోంచి లాటరీ తీసినట్టు తీస్తే అవే వస్తాయి. ముందు విభాగాన్ని ఎంచి, తర్వాత అందులోంచి ప్రశ్న తీయాలి.

ప్రశ్న: ఆటలోకి వెళ్లిన ప్రశ్న మంచిదో కాదో అంకెలతో ఎలా తెలుసుకోవాలి? ఎంతమంది రైటు కొట్టారో చూస్తే చాలదా?
– కోచింగ్ సెంటర్ అధ్యాపకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: అది కష్టం ఎంతో చెబుతుంది, న్యాయం చెప్పదు. ఎవరు రైటు కొట్టారన్నది చూడాలి. 200 మంది ఆ ప్రశ్న ఆడాక, వారి మొత్తం స్కోరు ప్రకారం పైనున్న 27 శాతం, అంటే 54 మందిని, అడుగునున్న 54 మందిని తీయండి. 27 శాతం అన్న కొలత 1939లో ట్రూమన్ కెల్లీ లెక్కగట్టి చూపినది, పరీక్షల విశ్లేషణలో ఇప్పటికీ వాడుతున్నారు. పైవారిలో 41 మంది, కిందివారిలో 19 మంది రైటు కొడితే తేడా 22. దాన్ని 54తో భాగిస్తే 0.41. అది చక్కటి ప్రశ్న. 0.2 కన్నా తగ్గితే వాక్యాన్ని మళ్లీ చదవాలి. పైవారిలో 12, కిందివారిలో 26 అయితే మైనస్ 0.26 వస్తుంది. బాగా తెలిసినవారు తప్పుతూ, తెలియనివారు నెగ్గుతున్నారంటే దాదాపుగా జవాబే తప్పు పెట్టి ఉంటారు. వెంటనే ఆపండి.

అందుకే కొత్త ప్రశ్నలను మొదట మార్కులు లేని సాధన ఆటలోనే తిప్పాలి. పోటీ మధ్యలో తప్పు బయటపడితే ఫిర్యాదు చేసినవారికి ఒక్కరికే మార్కు కలపడం అన్యాయం. ఆ ప్రశ్నను అందరికీ రద్దు చేసి స్కోర్లు మళ్లీ కట్టండి.

ప్రశ్న: జీకే పుస్తకాల్లోంచి ప్రశ్నలు తీసుకుని పంపవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: విషయం ఎవరి సొత్తూ కాదు. వాక్యాలను, ప్రశ్నల వరుసను ఉన్నదున్నట్టు ఎత్తి రాయడం మాత్రం కుదరదు. పైగా ఒకే పుస్తకాన్ని నమ్మితే దాని తప్పులూ మీవవుతాయి. అమెరికాలో ఒక రచయిత తన ట్రివియా పుస్తకంలో, కొలంబో అనే టీవీ డిటెక్టివ్ మొదటి పేరు ఫిలిప్ అని, కాపీ కొట్టేవారిని పట్టుకోవడానికి, కావాలనే కల్పించి రాశారు. ట్రివియల్ పర్స్యూట్ అనే బోర్డు క్విజ్ ఆటలో అదే కల్పన జవాబుగా వచ్చింది. ఆయన 1984లో దావా వేశారు. విషయాల మీద హక్కు ఉండదని కోర్టు కొట్టేసింది. ఆట తయారుచేసినవారు కేసు నెగ్గినా, వారి పెట్టెలో ఉన్న జవాబు తప్పే. రెండు ఆధారాలు చూడండి. మాటలు అవే ఉండి, ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినట్టుంటే, రెండింటినీ కలిపి ఒక ఆధారం కిందే లెక్కవేయండి.

ప్రశ్న: పది రూపాయల ఎంట్రీ ఫీజు పెట్టి గెలిచినవారికి నగదు ఇస్తే ప్రశ్నలు పంపేవారు పెరుగుతారనుకుంటున్నాం. క్విజ్ నైపుణ్యమే కదా, ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకుడు, బెంజ్ సర్కిల్, విజయవాడ

జవాబు: ఉంటుంది, ఆ పని చేయకండి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆటలను నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా నిషేధించింది. నడిపినవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ప్రశ్నలు పెరగాలంటే పంపినవారి పేరు ప్రశ్న కింద వేయండి, తిరస్కరించినప్పుడు ఎందుకో ఒక్క వాక్యంలో రాసి పంపండి. కారణం తెలిసినవారు దిద్ది మళ్లీ పంపుతారు.