80 లీటర్ల బ్యాగ్ ఎందుకు తమ్ముడూ?

మొన్న రాత్రి పదిన్నరకి వాట్సాప్‌లో ఒక లింకు వచ్చింది. "అన్నా, 80 లీటర్ల హైకింగ్ బ్యాగ్, సగం ధరకే. పన్నెండు దాకే ఆఫర్. కొనేయనా?" పంపిన కుర్రాడు అమెరికాలో సియాటెల్ పక్కన రెడ్‌మండ్‌లో ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. వాళ్లావిడ పోయిన నెలే వచ్చింది. ఆగస్టులో ఇద్దరూ ఒలింపిక్ నేషనల్ పార్కులో, అడవిలో నడిచి చేరాల్సిన షైషై బీచ్‌కి వెళ్లి రెండు రాత్రులు టెంటులో పడుకోవాలని ప్లాను. వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పేసరికి పదకొండు దాటింది, ఆఫర్ ఉండగానే ఫోన్ పెట్టేశాడు. అప్పుడు చెప్పినవీ, చెప్పడం మర్చిపోయినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఏటా మే, జూన్ వచ్చేసరికి ఇదే ప్రశ్న కనీసం ముగ్గురు అడుగుతారు.

అసలు జబ్బు బ్యాగ్‌లో లేదు, మన చేతిలో ఉంది. ఈ దేశం వచ్చేముందు మనందరం లగేజీ సర్దడం నేర్చుకున్నది 23 కిలోల సూట్‌కేసు మీద. శంషాబాద్ బయల్దేరే ముందు రోజు హాలు మధ్యలో రెండు సూట్‌కేసులు తెరిచి, కొక్కెం ఉన్న చేతి తక్కెడతో తూచుకుంటూ కూర్చుంటాం. 22.7 చూపించిందనుకోండి, "ఇంకా మూడొందల గ్రాములు పడుతుందిరా" అంటూ అమ్మ ఇంకో కందిపొడి పాకెట్టు దోపుతుంది. ఖాళీ ఉంటే నింపాలి, అదే లెక్క. సూట్‌కేసుకి చక్రాలున్నాయి కాబట్టి చెల్లింది. వీపున వేసుకునే బ్యాగ్‌ని కూడా ఆ చేత్తోనే కొంటాం, ఆ చేత్తోనే సర్దుతాం. 80 లీటర్లు కొంటే 80 లీటర్లూ నిండుతాయి. నిండకపోతే మనకి నిద్ర పట్టదు.

నేనూ అలాగే కొన్నాను. వచ్చిన రెండో వేసవిలో, ఆన్‌లైన్‌లో, 85 లీటర్లది, చవగ్గా వచ్చిందని. అందులో మూడు లీటర్ల కుక్కరు, మూడు కిలోల బియ్యం, రెండు జీన్సులు, ఒక చద్దరు, గాజు సీసాలో ఆవకాయ. తూచలేదు. పార్కింగ్ దగ్గర ఒక స్నేహితుడు అనుమానం వచ్చి తన చేతి తక్కెడకి తగిలిస్తే 46 పౌండ్లు, అంటే 21 కిలోలకి కొంచెం తక్కువ. అప్పుడు నా బరువే 64 కిలోలు. వెళ్లింది కూడా ఈ షైషైకే. అడవిలో దారంతా మోకాళ్ల దాకా బురద, చివర్లో సముద్రం వైపు దిగడానికి ఏటవాలు గట్టు, పట్టుకోవడానికి తాడు. బ్యాగ్ నా వీపు కంటే పొడుగు కావడంతో నడుము బెల్టు జారి పిరుదుల దాకా వచ్చింది, బరువంతా భుజాలు మోశాయి. మర్నాడు పొద్దున చొక్కా విప్పితే రెండు భుజాల మీదా ఎర్రగా కమిలిన చారలు. ఆవకాయ సీసా మూత ఎక్కడో వదులై, నూనె స్లీపింగ్ బ్యాగ్‌లోకి ఇంకింది. ఆ తీరంలో తిండి దొంగిలించే రకూన్లనే జంతువుల బెడద. తిండినంతా గట్టి డబ్బాలో పెట్టాలన్నది పార్కు వాళ్ల నియమం. పెట్టాం. కానీ ఆవకాయ నూనె పట్టిన స్లీపింగ్ బ్యాగ్‌ని, అందులో పడుకున్న నన్నూ డబ్బాలో పెట్టలేం కదా. రాత్రంతా అవి టెంటు చుట్టూ ప్రదక్షిణలు చేస్తూనే ఉన్నాయి.

కాబట్టి లీటర్ల సంగతి తర్వాత. ముందు మీ వీపు కొలత.

ఊళ్లో చెరువు నుంచి చంకన బిందెతో నీళ్లు తెచ్చే ఆడవాళ్లని గుర్తు తెచ్చుకోండి. బిందె బరువు చేతి మీద ఉండదు, భుజం మీదా ఉండదు. నడుము పక్కన తుంటి ఎముక అంచు మీద కూర్చుంటుంది. చెయ్యి దాన్ని ఒరగకుండా పట్టుకుంటుంది, అంతే. పెద్ద బ్యాగ్ పనితనం కూడా అచ్చం ఇదే. బరువులో మూడొంతులు నడుము బెల్టు ద్వారా తుంటి ఎముక మీదకి దిగాలి, భుజం పట్టీలు బ్యాగ్ వెనక్కి వాలకుండా పట్టుకోవాలి. 1950ల మొదట్లో కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అనే వడ్రంగి, బ్యాగ్ ఫ్రేము కొనల్ని ప్యాంటు వెనక జేబుల్లోకి దోపితే భుజాలు తేలికపడటం గమనించాడు. 1952లో నడుము బెల్టున్న బ్యాగులు అమ్మడం మొదలుపెట్టాడు. మా అమ్మమ్మకి చెప్తే నవ్వి ఊరుకునేది.

ఎముక మీద కూర్చోవాలంటే బ్యాగ్ పొడవు మీ వీపు పొడవుకి సరిపోవాలి. ఎత్తుతో దీనికి సంబంధం లేదు. నేను ఐదడుగుల ఏడంగుళాలు, నా వీపు 17 అంగుళాలు. ఆరడుగుల స్నేహితుడొకడిది 18 మాత్రమే, పొడుగంతా కాళ్లలో ఉంది వాడికి.

కొలవడానికి దర్జీ టేపు, ఇంకో మనిషి కావాలి. తల ముందుకి వంచండి. మెడ దిగి వీపు మొదలయ్యే చోట ఒక ఎముక బుడిపెలా పైకి తేలుతుంది. టేపు అక్కడ మొదలు. ఇప్పుడు రెండు చేతులూ నడుము మీద పెట్టుకోండి, కోపంగా ఉన్న హెడ్‌మాస్టర్ నిల్చున్నట్టు, బొటనవేళ్లు వెనక్కి. అరచేతి కింద తగిలే గట్టి అంచే తుంటి ఎముక. రెండు బొటనవేళ్లనీ కలుపుతూ వెన్ను మీద గీత ఊహించుకుంటే అక్కడ టేపు చివర. తల ఎత్తి, నిటారుగా నిలబడి చదవాలి. ఎవరి వీపు వాళ్లు కొలుచుకుంటే ఎప్పుడూ తప్పే వస్తుంది. మా ఆవిడది మొదటిసారి 18 వచ్చింది, నేను కొలిస్తే 15న్నర.

మనవాళ్లు పొట్ట మీద మోసపోతారు. బెల్టు ప్యాంటు బెల్టులా బొడ్డు కింద కట్టుకునేది కాదు. మెత్త ఉన్న భాగం తుంటి ఎముక అంచు మీద సరిగ్గా సగం పైకీ సగం కిందకీ రావాలి, ముందు బకిల్ బొడ్డుకి అటూ ఇటూగా పడుతుంది. పొట్ట ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి కట్టుకుని, అరమైలు నడిచాక వదులు చేస్తారు. అంతే, బరువు మళ్లీ భుజాలకి.

ఆడవాళ్లకి విడిగా చేసిన మోడళ్లు ఉన్నాయి. ఆస్ప్రే కంపెనీలో మగవాళ్లది ఆట్మోస్ అయితే ఆడవాళ్లది ఆరా, గ్రెగరీ కంపెనీలో మగవాళ్లది బాల్టోరో, ఆడవాళ్లది దేవా. వీపు పొట్టిగా, భుజం పట్టీలు దగ్గరగా, బెల్టు వాలు వేరుగా ఉంటాయి. రంగు మార్చి అమ్మేయడం కాదు. ఇంకో మాట, వీపు పొట్టిగా ఉన్న మగవాళ్లకి కూడా ఇవే బాగా కుదరొచ్చు. నా స్నేహితుడొకడు ఆరు వేసవులుగా ఆడవాళ్ల బ్యాగే మోస్తున్నాడు. కొండ మీద అడిగినవాడు లేడు.

షాపుకి వెళ్లి వేసుకుని చూడాల్సిందే. హైకింగ్ సామాన్లు అమ్మే ఆర్ఈఐ షాపులకి సియాటెలే పుట్టిల్లు, 1938లో ఇక్కడే సహకార సంఘంగా మొదలైంది. అక్కడ బ్యాగుల దగ్గర బరువు మూటలు ఉంటాయి, అడిగితే లోపల పెట్టి ఇస్తారు. 25 పౌండ్లు పెట్టమనండి. ఖాళీ బ్యాగ్ ఏదైనా వీపుకి పట్టుపరుపులాగే ఉంటుంది. ముందు అన్ని పట్టీలూ వదులు చెయ్యండి. మొదట నడుము బెల్టు బిగించాలి, తర్వాత భుజం పట్టీలు, ఆ తర్వాత భుజం పైనుంచి బ్యాగ్ పైభాగానికి పోయే చిన్న పట్టీలు, చివర్లో ఛాతీ పట్టీ. భుజం వెనక పట్టీకీ ఒంటికీ మధ్య వెలుతురు కనిపిస్తే బ్యాగ్ పొడుగు ఎక్కువ. సర్దుబాటు అయ్యేదైతే దింపి చూడండి, కాకపోతే దాన్ని వదిలేయండి. ఇరవై నిమిషాలు షాపంతా తిరగండి, మెట్లు ఉంటే ఎక్కి దిగండి. సేల్స్ కుర్రాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి. వాడి పనే అది.

ఇప్పుడు లీటర్లు. ఒకటి రెండు రాత్రులకి 40 నుంచి 50, మూడు నుంచి ఐదు రాత్రులకి 50 నుంచి 65 లీటర్లు సరిపోతాయి. 70 దాటినవి మంచులో రాత్రులు గడిపేవాళ్లకి, చిన్న పిల్లల సామాన్లు కూడా మోయాల్సిన అమ్మానాన్నలకి. ఒకటే కొనాలంటే 55, 60 దగ్గర ఆగండి. బరువు లెక్క మాత్రం గట్టిగా పెట్టుకోండి. బ్యాగ్‌తో కలిపి మీ ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదు. 70 కిలోల మనిషికి 14 కిలోలు. అందులో నీళ్లే లీటరుకి కిలో. ఖాళీ బ్యాగ్ తూకం కూడా ఇందులోదే, మెత్తలూ జేబులూ ఎక్కువున్నవి రెండు కిలోలు తూగుతాయి. కిలో చిల్లరకే దొరికే పల్చటివి చూసి ముచ్చట పడతారు గానీ, అవి తక్కువ బరువుకి అలవాటుపడ్డ వాళ్ల కోసం. మొదటి ఏడాది వాటి జోలికి పోవద్దు.

"తిరుమల మెట్లెక్కాను అన్నా, ఇదెంత" అన్నాడు మా కుర్రాడు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, ఒప్పుకుంటాను. కానీ అక్కడ కింద కౌంటర్లో బ్యాగ్ ఇచ్చేస్తే దేవస్థానం వాళ్లే కొండ మీదకి చేరుస్తారు. ఇక్కడ ఆ కౌంటర్ లేదు.

అందుకే బ్యాగ్‌ని ఆఖర్న కొనమంటాను. టెంటు, స్లీపింగ్ బ్యాగ్, చాప, స్టవ్వు, బట్టలు అన్నీ ముందు చేరాలి. వాటిని ఒక అట్టపెట్టెలో సర్దుకుని షాపుకే పట్టుకెళ్లినా తప్పులేదు. ముఖ్యంగా ఎలుగుబంటి డబ్బా, అంటే ఎలుగుబంట్లు కూడా తెరవలేని ఆ గట్టి తిండి డబ్బా. ఒలింపిక్ తీరంలో, యోసెమిటీ అడవుల్లో రాత్రి ఉండాలంటే అది తప్పనిసరి. ఎక్కువమంది వాడే పెద్ద సైజుది దాదాపు తొమ్మిదంగుళాల వెడల్పు, అడుగు పైన ఎత్తు, ఖాళీదే కిలో దాటుతుంది. నొక్కితే నొక్కుకోదు. సన్నటి బ్యాగుల్లో అడ్డంగా దూరదు, నిలువుగా పెడితే ఇంకేమీ పట్టదు. పులిహోర, పచ్చడి ఒక్కటే కాదు, టూత్‌పేస్టు, కొబ్బరినూనె, వాసనొచ్చే ప్రతిదీ అందులోకే వెళ్లాలి. సర్దేటప్పుడు స్లీపింగ్ బ్యాగ్ అడుగున, డబ్బా మధ్యలో వెన్నుకి ఆనించి, తేలికవి చుట్టూ, వానకోటు పైన. వాన గురించి ఒక్క మాట: పైన తొడిగే కవరు వీపు వైపు నీళ్లని ఆపదు. లోపలే ఒక మందపాటి చెత్త సంచీ పరిచి, అందులో సర్దుకోండి. రెండు డాలర్లతో పోతుంది.

యూరప్ రైలు ప్రయాణానికి కూడా ఇదే బ్యాగ్ పనికొస్తుందా అని కుర్రాడి వాళ్లావిడ అడిగింది. పనికొస్తుంది గానీ హాయిగా ఉండదు. హైకింగ్ బ్యాగ్ బావి లాంటిది, అడుగున ఉన్న సాక్సు కావాలంటే అంతా తోడాలి. నగరాలు తిరగడానికి సూట్‌కేసులా పూర్తిగా తెరుచుకునే 40 లీటర్లది మేలు, అది విమానంలో తల పైన అరలో కూడా పడుతుంది. అమెరికాలో చాలా ఎయిర్‌లైన్లు 22, 14, 9 అంగుళాల లోపు అంటాయి. ఇండియా వైపు ఏడు కిలోలని కూడా తూస్తారు, చూసుకోండి. పెద్ద బ్యాగ్‌ని చెక్-ఇన్ చేయాల్సి వస్తే పట్టీలన్నీ కట్టి ఏదైనా పెద్ద సంచీలో దూర్చండి, వేలాడేవి కన్వేయర్‌లో చిక్కుకుని తెగుతాయి. నడక కర్రలు చెక్-ఇన్‌లోనే, స్టవ్వు గ్యాస్ డబ్బా ఎందులోనూ వద్దు, దిగాక కొనుక్కోవాలి.

డబ్బుల సంగతి. మంచి కొత్త బ్యాగ్‌కి 200 నుంచి 350 డాలర్లు. మొదటి ట్రిప్పుకి కొనకపోయినా నష్టం లేదు. మాస్టర్స్ పిల్లలైతే యూనివర్సిటీ రిక్రియేషన్ సెంటర్లో అడగండి, చాలా చోట్ల బ్యాగులూ టెంట్లూ తక్కువ అద్దెకే ఇస్తారు. ఆర్ఈఐలో 30 డాలర్లు కడితే జీవితాంతం సభ్యత్వం, నచ్చకపోతే ఏడాది లోపు వెనక్కివ్వొచ్చు, సభ్యులు కానివాళ్లకి 90 రోజులు. ఒకప్పుడు దీనికి గడువే ఉండేది కాదు, జనం పదేళ్లు వాడిన చెప్పులు కూడా తెచ్చి ఇస్తుంటే 2013లో ఏడాదికి కుదించారు. వేసవంతా వాడి సెప్టెంబర్లో తిరిగిచ్చేసి, దాన్ని తెలివిగా చెప్పుకునే మనవాళ్లు నాకు తెలుసు. నాకది నచ్చదు. అలా వచ్చినవాటిలో బాగున్నవి తక్కువ ధరకి మళ్లీ అమ్ముతారు, నా ఇప్పటి బ్యాగ్ అక్కడిదే. బకిల్ ఒకటి కొత్తది వేసి ఉంది, తొమ్మిదేళ్లయింది.

కొన్నాక ధర బిళ్లలు తెంపకుండా ఇంట్లో ఒక వారం మోయండి. ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన 20 పౌండ్ల సోనా మసూరి సంచీ దీనికి సరిగ్గా సరిపోతుంది. చుట్టూ ఒక దుప్పటి కుక్కి, రోజూ సాయంత్రం కాలనీలో గంట నడవండి. తుంటి మీద ఎక్కడైనా ఒరుసుకుంటే అక్కడే తెలిసిపోతుంది. తర్వాత ఒక శనివారం సియాటెల్ దగ్గరి మౌంట్ సై కొండ ఎక్కండి, రానూ పోనూ ఎనిమిది మైళ్లు, ఎత్తు మూడువేల అడుగుల పైనే. రెయినియర్ పర్వతం ఎక్కడానికి తయారయ్యేవాళ్లు నీళ్ల క్యాన్లు నింపిన బ్యాగులతో అక్కడ ఎదురవుతూ ఉంటారు. మీ బియ్యం సంచీని ఎవరూ వింతగా చూడరు.

నిన్న సాయంత్రం కుర్రాడి నుంచి మెసేజ్ వచ్చింది. అతనిది పదిహేడు, ఆవిడది పదిహేను ముప్పావు. టేపు లేక చార్జర్ వైరుతో కొలిచి, ఆ వైరుని స్కేలు మీద పెట్టి చూశారట. శనివారం పొద్దున షాపు తెరిచేసరికి అక్కడ ఉంటానన్నాను, సామాన్లన్నీ అట్టపెట్టెలో వేసుకుని రమ్మన్నాను. "కుక్కర్ కూడా తేవాలా అన్నా?" అని అడిగాడు. ఇద్దరికీ ఒక గిన్నె చాలు, కుక్కర్ పొయ్యి మీదే ఉండనివ్వమన్నాను.