ఓడ కార్డు పాయింట్లు, రెండు రూపాయల వడ్డీ

కావలి నుంచి వచ్చి హ్యూస్టన్‌లో కాపురం పెట్టి ఇంకా ఏడాది నిండని ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న ఇది. వచ్చే వేసవిలో అత్తమామలు వస్తున్నారనీ, వారిని గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికో వైపు వెళ్లే ఓడ ఎక్కించాలని భార్యాభర్తలిద్దరూ అనుకున్నారనీ, టికెట్లు చూస్తుండగా ఆ ఓడ కంపెనీ పేరుతోనే ఉన్న క్రెడిట్ కార్డు ఒకటి కనిపించిందనీ రాశారు. ఏటా కట్టవలసిన రుసుము లేదు, ఖర్చు పెట్టిన ప్రతి డాలరుకూ పాయింట్లు వస్తాయి, కార్డు తీసుకున్న కొత్తలో ఓడలో వాడుకోవడానికి కొంత సొమ్ము కూడా ఇస్తారట. "తీసుకుంటే నష్టమేముంది అక్కా?" అని ఆ అమ్మాయి అడిగారు. ఆ నష్టం అనుభవించినదాన్ని కనుక కొంచెం వివరంగానే జవాబు రాస్తున్నాను.

ముందుగా ఆ కార్డు ఎవరిదో తెలుసుకోవాలి. రాయల్ కరేబియన్, కార్నివాల్, నార్వీజియన్, ప్రిన్సెస్ వంటి ఓడ కంపెనీలు ఏదో ఒక బ్యాంకుతో కలిసి తమ పేరు మీద కార్డు ఇప్పిస్తాయి. కార్డు మీద ఓడ బొమ్మ ఉన్నా అప్పు ఇచ్చేది బ్యాంకు, వడ్డీ వేసేది బ్యాంకు, గడువు దాటితే మీ పేరును క్రెడిట్ సంస్థలకు పంపేదీ బ్యాంకే. ఓడ కంపెనీకి కావలసింది మీరు మళ్లీ తమ ఓడే ఎక్కడం. బ్యాంకుకు కావలసింది మీరు బిల్లు పూర్తిగా కట్టకపోవడం. ఈ రెండూ గుర్తుంచుకుంటే ఆ ప్రకటనలో ప్రతి వాక్యం ఎందుకు రాశారో అర్థమవుతుంది.

పాయింట్ల లెక్క చిన్నదే. ఇటువంటి కార్డులు సాధారణంగా ఆ కంపెనీ టికెట్ల మీద, ఓడలో పెట్టే ఖర్చు మీద డాలరుకు 2 పాయింట్లు, కొన్నయితే 3 పాయింట్లు ఇస్తాయి. మిగతా ఖర్చులకు 1 పాయింటు. పాయింటు విలువ దాదాపు ఒక సెంటు. మీరు నలుగురి ప్రయాణానికి 4,000 డాలర్లు ఖర్చు చేశారనుకుందాం. 2 పాయింట్ల చొప్పున 8,000 పాయింట్లు, అంటే 80 డాలర్లు. ఏ ఓడ పేరూ లేని మామూలు కార్డుల్లో సిటీ డబుల్ క్యాష్, వెల్స్ ఫార్గో యాక్టివ్ క్యాష్ వంటివి ప్రతి ఖర్చు మీదా 2 శాతం నగదు తిరిగి ఇస్తాయి. వాటి మీద కూడా అదే 4,000కు అదే 80 డాలర్లు వస్తాయి, పైగా అది నగదు. ఇక ఏడాది పొడవునా బియ్యం, కూరగాయలు, పెట్రోలు, ఫోను బిల్లుల కింద 20,000 డాలర్లు వెళ్లే ఇంట్లో ఓడ కార్డు వాడితే 200 డాలర్ల పాయింట్లు, మామూలు కార్డు వాడితే 400 డాలర్ల నగదు. ఓడ కార్డు పాయింట్లతో మన కిరాణా కొట్టులో కందిపప్పు కొనలేరు, మళ్లీ ఓడే ఎక్కాలి.

ఇంతవరకు లెక్క తెలిసిన వారెవరైనా చెబుతారు. మీకు చెప్పవలసిన అసలు సంగతి మా ఇంట్లో జరిగింది.

మేము 2005లో వచ్చాం. మాది కందుకూరు పక్క పల్లె, నాన్న పొగాకు వేసేవారు. నేను అంతకు ముందు చూసిన సముద్రం కార్తీక మాసంలో స్నానానికి వెళ్లిన రామాయపట్నం తీరం, చూసిన పడవలు అక్కడి చేపల పడవలే. 2007 డిసెంబరులో మా వారి ఆఫీసులో అందరూ వెళుతున్నారని మేమూ గాల్వెస్టన్ నుంచి మెక్సికోలోని కోజుమెల్ దీవికి వెళ్లే ఓడకు టికెట్లు తీసుకున్నాం. ఫోన్లో టికెట్లు ఇచ్చిన ఆవిడ, ఈ కార్డు తీసుకుంటే ఓడలో వాడుకోవడానికి 50 డాలర్లు జమ చేస్తామని చెప్పింది. అప్పటికి మాకు ఉన్నది బ్యాంకులో డబ్బు తాకట్టు పెట్టి తీసుకున్న చిన్న కార్డు ఒక్కటే. మమ్మల్ని నమ్మి పెద్ద కార్డు ఇస్తున్నారన్న గౌరవం వల్లే ఒప్పుకున్నామని ఇప్పుడు అనిపిస్తుంది.

టికెట్లకు 1,400 డాలర్లు అయ్యాయి. ఓడలో నగదు చెల్లదు. గది తాళంగా ఇచ్చే కార్డే అక్కడ డబ్బు, దాని వెనుక మన క్రెడిట్ కార్డు ఉంటుంది. చేతిలోంచి నోటు కదలదు కనుక ఖర్చు తెలియదు. సిబ్బందికి ఇచ్చే బహుమానం మనిషికి ఇంత అని రోజూ దానంతట అదే ఖాతాలో పడుతుంది. చల్లని పానీయాలు, ఇంటర్నెట్, ఒడ్డుకు తీసుకువెళ్లి చూపించే యాత్ర, అన్నీ ఆ తాళం కార్డు మీదే. చివరి రాత్రి మాకు ఇచ్చిన 50 డాలర్లు ఇంకా మిగిలే ఉన్నాయి. అవి వాడకపోతే పోతాయని, ఇంటికి రావని అన్నారు. ఓడలో ఫోటోలు తీసి గోడకు వరుసగా పెడతారు, మావి కూడా ఉన్నాయి. పోయే 50 డాలర్లను పోనివ్వడం ఇష్టం లేక 180 డాలర్లు పెట్టి ఆ ఫోటోలు కొన్నాం. ఆ 130 డాలర్లు ఎందుకు ఇచ్చామో ఎంత ఆలోచించినా నాకు సమాధానం దొరకదు, ఆ ఫోటోలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. ఓడ ఖర్చు 700, కోజుమెల్ దుకాణాల్లో వెండి నగలకు, ఊరికి పంపే వస్తువులకు 500. మొత్తం 2,600 డాలర్లు. ఆనాడు డాలరు 40 రూపాయలకు అటూ ఇటూగా ఉండేది, అంటే లక్ష రూపాయలు దాటింది.

జనవరిలో బిల్లు వచ్చింది. అదే నెలలో మా ఆడపడుచు పెళ్లికి డబ్బు పంపవలసి వచ్చింది. బిల్లులో కనీసం ఇంత కట్టండి అని 60 డాలర్ల లోపు అంకె ఒకటి ఉంటే, బ్యాంకువారే అంత చాలన్నారు కదా అని అదే కట్టాం. తరువాతి నెలా అంతే. వడ్డీ ఏడాదికి 18 శాతం. ఆ అంకె నాకు ఏమీ చెప్పలేదు. అదే "నూటికి రూపాయిన్నర వడ్డీ" అని ఎవరైనా మన మాటలో చెప్పి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు, ఎందుకంటే వడ్డీ అంటే ఏమిటో మా ఇంట్లో తెలియని వారు లేరు. ధర్మవడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి. రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడంటే ఆ రైతు కష్టంలో ఉన్నట్టు. పొగాకు నాట్లకు, పొగాకు కాల్చే బ్యారన్‌లో కట్టెలకు నాన్న రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, కందుకూరు వేలం కేంద్రంలో బేళ్లు అమ్ముడుపోగానే ఆ బాకీ తీర్చి, మిగిలిన దానితో ఇల్లు నడిపేవారు. ఆ ఏడాది నేను ఫోన్ చేసినప్పుడల్లా ముందు వడ్డీ బాకీ తీర్చమని నాన్నకు చెబుతూ ఉండేదాన్ని. నా బాకీ సంగతి ఆయనకు చెప్పలేదు.

2008 చివరలో మా వారి ప్రాజెక్టు అర్ధాంతరంగా ఆగిపోయింది. అద్దె తక్కువ ఇంటికి మారాం. నవంబరు బిల్లు పాత ఇంటికి వెళ్లింది, మేము చూసుకోలేదు, గడువు దాటి నెల గడిచింది. 39 డాలర్ల జరిమానా వేయడమే కాక వడ్డీని 30 శాతం దగ్గరికి పెంచారు. మన మాటలో రెండున్నర రూపాయల వడ్డీ. మా ఊళ్లో ఏ వ్యాపారీ నాన్న దగ్గర అంత తీసుకోలేదు. ఆ బాకీ పూర్తిగా తీరేసరికి 2010 మార్చి వచ్చింది. అసలు కాక మేము అదనంగా కట్టింది సుమారు 900 డాలర్లు. ఆ ప్రయాణం మొత్తానికి మాకు వచ్చిన పాయింట్లు 4,700, అంటే 47 డాలర్లు. 5,000 చేరితే తప్ప వాడుకోవడానికి వీలు లేదన్నారు, చేరేలోపే కార్డు మూసేశాం, అవీ పోయాయి.

అంతటితో అయిపోలేదు. గడువు 30 రోజులు దాటిన బాకీ క్రెడిట్ రిపోర్టులో ఏడేళ్లు ఉంటుంది. 2012లో మేము ఇల్లు కొనబోయినప్పుడు ఆ ఒక్క మచ్చ చూపించి, మా పక్కింటివారి కంటే ఎక్కువ వడ్డీకి అప్పు ఇచ్చారు. తరువాత తక్కువ వడ్డీకి మార్చుకుని, ఆ ఇంటి బాకీ ముందుగానే తీర్చేశాం. ఆనాటి నుంచి ఈనాటి వరకు ఏ కార్డు మీదా ఒక్క రోజు వడ్డీ కట్టలేదు. ఇది గర్వంగానే చెబుతున్నాను, ఎందుకంటే ఊరికే రాలేదు.

ఇప్పుడు నియమాలు కొంత మెరుగయ్యాయి. 2009లో వచ్చిన కార్డ్ చట్టం వల్ల బిల్లుకు కనీసం 21 రోజుల గడువు ఇవ్వాలి, కనీస మొత్తమే కడుతూ పోతే బాకీ తీరడానికి ఎన్నేళ్లు పడుతుందో బిల్లు మీదే అచ్చు వేయాలి. మా కాలంలో ఆ గడి లేదు. మిగతా నియమాలు మీరు చదువుకోగలరు. అయితే వడ్డీ మాత్రం తగ్గలేదు, పెరిగింది. ఇప్పుడు చాలా కార్డుల వడ్డీ ఏడాదికి 20 శాతం పైమాటే, అంటే రెండు రూపాయల వడ్డీకి దగ్గర. మరో సంగతి కొత్తగా వచ్చిన పిల్లలకు తెలియదు. బిల్లు పూర్తిగా కట్టినంత కాలమే కొన్న వస్తువుకు వడ్డీ లేని గడువు ఉంటుంది. కొంత బాకీ మిగిల్చారంటే ఆ గడువు పోతుంది, మరునాడు కొన్న పాల డబ్బాకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. నాన్నకు అప్పు ఇచ్చిన వ్యాపారి పాత బాకీ ఉందని కొత్తగా కొన్న బియ్యానికి వడ్డీ వేయలేదు.

చెల్లెమ్మా, మీ విషయంలో మరో చిక్కు ఉంది. మీరు హెచ్4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసాను ఆధారంగా చేసుకుని ఇచ్చే వీసా మీద, ఉన్నామని రాశారు. సోషల్ సెక్యూరిటీ నంబరు, అంటే ఇక్కడి గుర్తింపు సంఖ్య, లేదు కనుక కార్డు సాధారణంగా మీ వారి పేరు మీదే వస్తుంది, మీరు అదనపు సభ్యురాలిగా ఉంటారు. అంటే ఆయన కార్డు మీద జరిగే మంచీ చెడూ మీ చరిత్రగా కూడా నమోదు కావచ్చు. ఇండియాలో మీ సిబిల్ స్కోరు ఎంత బాగున్నా ఇక్కడ లెక్కలోకి రాదు, మొదటి నుంచి కట్టుకు రావాలి. ఇక్కడ అప్పు ఇచ్చేవారు చూసే ఫైకో స్కోరులో 35 శాతం గడువులోగా కట్టడానికి, 30 శాతం ఉన్న పరిమితిలో ఎంత వాడారన్న దానికి. ఏడాది నిండని వారికి ఇచ్చే కార్డు పరిమితి సాధారణంగా చిన్నదే. 4,000 డాలర్ల టికెట్లు దాని మీద పట్టవు, పట్టినా పరిమితి మొత్తం నిండిపోయి స్కోరు పడుతుంది. మీ వారి జీతం పడే బ్యాంకులోనే వార్షిక రుసుము లేని మామూలు కార్డు ఒకటి తీసుకోండి. ఇవ్వకపోతే కొంత డబ్బు తాకట్టు పెట్టి తీసుకునే సెక్యూర్డ్ కార్డుతో మొదలుపెట్టండి. బిల్లు మొత్తం దానంతట అదే బ్యాంకు నుంచి వెళ్లేలా ఏర్పాటు చేసుకోండి. కనీస మొత్తం అన్న ఎంపికను మాత్రం పొరపాటున కూడా పెట్టకండి.

ఓడ కార్డు ఎవరికీ పనికిరాదని నేను అనను. ప్రతి ఏడాదీ ఒకే కంపెనీ ఓడ ఎక్కే కుటుంబాలు మన వాళ్లలోనూ ఉన్నాయి. వారికి కొత్త కార్డు బహుమతి ఒకసారి కలిసి వస్తుంది, 3 పాయింట్లు ఇచ్చే కార్డయితే టికెట్ల మీద మామూలు కార్డు కంటే కొద్దిగా ఎక్కువే వస్తుంది. కొన్నింటికి విదేశీ ఖర్చు మీద వేసే 3 శాతం రుసుము లేదు, నెల్లూరు ట్రంకు రోడ్డులో చీరలు కొనేటప్పుడు అది మంచి గుణమే. కానీ అలాంటి రుసుము లేని మామూలు కార్డులు కూడా ఉన్నాయి, ఓడలో ఖాతా ఎలాగూ డాలర్లలోనే నడుస్తుంది. ఓడ కార్డు బాగా స్థిరపడిన ఇంట్లో రెండో కార్డో మూడో కార్డో కావచ్చు. మొదటి కార్డు కాకూడదు.

ఇక అత్తమామల ప్రయాణం. అది మానుకోవద్దు. కావలిలో పుట్టి పెరిగిన వారికి సముద్రం కొత్త కాదు, సముద్రం మీద నడి రాత్రి నిలబడటం కొత్త, అది వారికి చూపించండి. వారి వీసాలు, మీ పాస్‌పోర్టులోని స్టాంపులు దేశం దాటి తిరిగి రావడానికి సరిపోతాయో లేదో టికెట్లకు ముందే అధికారిక వెబ్‌సైటులో చూసుకోండి. టికెట్టు తీసుకునేటప్పుడు బయానా మాత్రమే కట్టవచ్చు, మిగిలింది సాధారణంగా ఓడ బయలుదేరడానికి 75 నుంచి 90 రోజుల ముందు కట్టాలి. ఈలోగా మీ ఊళ్లో చీటీ కట్టినట్టే నెలకు ఇంత అని వేరే ఖాతాలో వేస్తూ రండి. ఆ ఖాతాలో టికెట్ల సొమ్ము, దానికి తోడు ఓడలో ఖర్చుకు మనిషికి 150 డాలర్లు చేరితే వెళ్లండి, చేరకపోతే కిటికీ లేని లోపలి గది తీసుకోండి, లేదా ఐదు రాత్రుల బదులు నాలుగు రాత్రుల ప్రయాణం చూడండి. చివరి రాత్రి ఫోటోల గోడ దగ్గరికి వెళ్లే ముందు తాళం కార్డు మీద ఎంత ఖర్చయిందో కౌంటరులో అడిగి తెలుసుకోండి, కాగితం మీద అచ్చు వేసి ఇస్తారు. ఒక మంచి ఫోటో మీ ఫోన్‌తో పై అంతస్తు మీద తీసుకోండి, అత్తగారికి కావలికి పంపించడానికి అది చాలు.